సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్: ఏ ఏడాది మోడల్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు వాళ్లు పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) కొనేముందు అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

సూటిగా చెప్పండి, ఏ ఏడాది బండి కొనాలి?

పాత థార్ (మహీంద్రా జీపు, 2020కి ముందుది) అయితే 2015 ఆగస్టు తర్వాత తయారైన సీఆర్‌డీఈ, అంటే కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ది. కొత్త థార్ అయితే 2021 మధ్య నుంచి 2022 చివరి దాకా వచ్చిన డీజిల్. మారుతీ జిప్సీ అయితే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ లేని పెట్రోల్ ఇంజిన్ది. ఫోర్స్ గూర్ఖా అయితే 2021 చివర్లో వచ్చిన కొత్త తరం, డబ్బు ఉంటే 2024 తర్వాతది. మారుతీ జిమ్నీ మన దగ్గరికి వచ్చిందే 2023లో కాబట్టి అందులో ఏడాది కోసం వెతుక్కోవాల్సింది పెద్దగా లేదు.

ఈ లెక్క చూసుకుని వెంటనే అడ్వాన్స్ మాత్రం ఇచ్చేయకండి. బురదలో నానిన 2018 బండి కంటే, నీట్‌గా చూసుకున్న 2013 బండి వెయ్యి రెట్లు నయం. ఎక్కడ వెతకాలో ఏడాది చెబుతుంది. కొనాలో వద్దో బండి కింద పడుకుని చూస్తేనే తెలుస్తుంది.

మా వైపు నేలకు అసలు ఫోర్ బై ఫోర్ అవసరమా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నిజానికి మొదట అడగాల్సింది ఇదే.

మీ పొలం చెల్కలో ఉండి, బాట మొరం పోసిన బాట అయితే అవసరం లేదు. పాలమూరు ఎర్రనేలల్లో వాన వెలిసిన రెండు గంటలకే బండి నడుస్తుంది. అక్కడ మామూలు బొలెరో చాలు, ఎత్తు ఉంటుంది, ఏ ఊళ్లోనైనా రిపేరు చేస్తారు, రేపు అమ్మాలన్నా చిటికెలో పోతుంది. నల్గొండ వైపు బత్తాయి తోటలకు పోయివచ్చేవాళ్లలో ముప్పాతిక మందికి ఇదే చెబుతాను, వాళ్లకు నచ్చకపోయినా.

నల్లరేగడి అయితే లెక్క వేరు. గద్వాల, అలంపూర్ నడిగడ్డలో జూలై వాన పడ్డాక పత్తి చేను గట్టు మీదికి మామూలు బండి పోదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నాట్ల సమయంలో ట్రాక్టర్ కేజ్‌వీల్స్ బురదంతా తెచ్చి రోడ్డు మీదే పోస్తాయి. డిండి, సోమశిల వైపు వాగులు దాటేవాళ్లకు, గుట్ట మీద క్వారీ ఉన్నవాళ్లకు కూడా నాలుగు చక్రాలూ లాగే బండి పనికొస్తుంది.

ఇంకో మాట. తడి రేగడిలో రోడ్డు టైర్లు వేసిన ఫోర్ బై ఫోర్ కూడా జారుతుంది. టైరు గాడుల్లో మట్టి నిండిపోయి నున్నగా అయిపోతుంది, నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. ఆల్ టెరైన్ టైర్లకు అయ్యే ఖర్చు కూడా ముందే బేరంలో కలుపుకోండి.

ఒక ఏడాది తేడాకే అంత పట్టింపు ఎందుకు?

కంపెనీలు ఏటా బండిని మార్చవు. కొన్ని ఏళ్లలో మాత్రం పెద్ద మార్పు వస్తుంది, దాని ముందు బండి, తర్వాతి బండి పైకి ఒకేలా ఉన్నా లోపల వేరు. ఆ మలుపులు తెలిస్తే చాలు.

కాలుష్య నిబంధనల వల్ల వచ్చినవి కొన్ని. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, 2023 ఏప్రిల్ నుంచి బీఎస్6 రెండో దశ. బీఎస్6 రాకముందు డీజిల్ బండ్లు చాలావరకు ఊరి మెకానిక్ చేతికి లొంగేవి. ఆ తర్వాత సెన్సర్లు పెరిగాయి, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ వచ్చింది, స్కానర్ లేనిదే పని జరగదు.

మిగతావి ఆయా మోడల్‌కు సంబంధించినవి, కింద చెబుతాను. ఇందులో నేను పాటించే పద్ధతి ఒకటుంది: కొత్త తరం వచ్చిన మొదటి ఆరేడు నెలల బండి జోలికి పోను. పాత తరం ఆగిపోయే ముందు వచ్చిన చివరి రెండు మూడేళ్ల బండి దొరికితే వదలను. అప్పటికి ఫ్యాక్టరీ వాళ్లకు లోపాలన్నీ తెలిసిపోయి ఉంటాయి.

పాత థార్‌లో ఏది మంచిది?

ఇది 2010 అక్టోబరులో వచ్చింది. మొదటి నుంచీ రెండు రకాలు. డీఐ అంటే 2.5 లీటర్ల పాతకాలపు ఇంజిన్, 63 హార్స్‌పవర్, ముందూ వెనకా కమాన్ కట్టలే. సీఆర్‌డీఈ అంటే 2.5 లీటర్ల కామన్ రైల్ ఇంజిన్, 105 హార్స్‌పవర్, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. బయట నిలబెడితే రెండూ ఒక్కటే అనిపిస్తాయి. డీఐలో టూ వీల్ డ్రైవ్ కూడా ఉంది. "థార్ అన్నా, చీప్‌గా ఇస్తుండ్రు" అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది డీఐయా, సీఆర్‌డీఈయా అని. డీఐ అయితే లోపల ఫోర్ బై ఫోర్ వేసే రెండో గేర్ రాడ్ ఉందో లేదో ఫొటో పంపమనండి.

2015 జూలైలో సీఆర్‌డీఈకి మంచి మార్పు వచ్చింది. వెనక ఆక్సిల్‌లో మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ పెట్టారు. ఒక వెనక చక్రం గుంతలో పడి ఊరికే తిరుగుతుంటే దానంతట అదే లాకై రెండో చక్రానికి కూడా బలం అందుతుంది. మీరు ఏ మీటా నొక్కక్కర్లేదు. అంతకుముందు బండ్లలో ఒక చక్రం గాల్లోకి లేస్తే దిగి రాళ్లు పెట్టుకోవాల్సిందే. రేగడిలో తిరిగేవాళ్లకు ఈ ఒక్క వస్తువు కోసమే 2015 తర్వాతి మోడల్ కొనమంటాను. డ్యాష్‌బోర్డు కూడా అప్పుడే మారింది కాబట్టి లోపల చూడగానే గుర్తుపట్టొచ్చు.

2019లో ఏబీఎస్‌తో 'థార్ 700' అని 700 బండ్లు మాత్రమే వదిలారు. పక్కన స్టిక్కర్ వేసి అదే ఇది అని అమ్మజూపేవాళ్లున్నారు, తయారీ నెల, ఏబీఎస్ రెండూ చూసుకోండి. 2019కి ముందు బండ్లలో ఏబీఎస్ లేదు. ఎయిర్‌బ్యాగులు పాత థార్‌లో దేనికీ లేవు. వెనక సీట్లు ఎదురెదురుగా పక్కకు తిరిగి ఉంటాయి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని రోజూ హైదరాబాద్ పోయివచ్చేవాళ్లు ఇది కొనకండి. పొలానికి, ఊరికి, వారానికోసారి మండల కేంద్రానికి అయితే ఇంతకంటే మొండి బండి దొరకదు.

కొత్త థార్ అయితే 2020లోదే తీసుకోవచ్చు కదా?

2020 అక్టోబరు 2న అమ్మకాలు మొదలయ్యాయి. రెండు లీటర్ల పెట్రోల్ 150 హార్స్‌పవర్, 2.2 లీటర్ల డీజిల్ 130. ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు అన్నిటికీ ఉన్నాయి, బండ్ల భద్రతను తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు స్టార్లు వచ్చాయి. పాత థార్ నుంచి దిగి ఇందులో కూర్చుంటే వేరే కంపెనీ బండి అనుకుంటారు.

మొదటి నెలల డీజిల్ బండ్లకు ఒక చిక్కు ఉంది. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లను క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను కదిపే కడ్డీ) తనిఖీ కోసం కంపెనీయే వెనక్కి పిలిచింది. ఆ పని జరిగిన బండి అయితే భయం లేదు. చాసిస్ నంబరు చెబితే సర్వీస్ సెంటర్‌లో చూసి చెబుతారు. చూపించడానికి అమ్మేవాడు నసిగితే 2021 మధ్య తర్వాతి బండి వెతుక్కోవడం తేలిక.

అసలు జాగ్రత్త 2023 తర్వాతి బండ్లతో. ఆ ఏడాది జనవరిలో 1.5 లీటర్ల డీజిల్‌తో, పెట్రోల్‌తో వెనక చక్రాలే లాగే థార్ వచ్చింది. చూడటానికి అచ్చం అదే బండి. మహబూబ్‌నగర్ రోడ్ల మీద కనిపించే వాటిలో అవీ చాలా ఉన్నాయి. వెనక డోర్ మీద 4x4 అక్షరాలు బయట షాపుల్లో దొరుకుతాయి, అతికించడానికి ఐదు నిమిషాలు పట్టదు. లోపల గేర్ రాడ్ పక్కన రెండో రాడ్ ఉంటేనే అది ఫోర్ బై ఫోర్. 2022 చివరి దాకా వచ్చిన కొత్త తరం థార్‌లన్నీ ఫోర్ బై ఫోరే కాబట్టి ఆ ఏళ్లలో ఈ టెన్షన్ లేదు. నేను 2021, 2022 వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

వెనక లాకింగ్ డిఫరెన్షియల్ అన్ని వేరియంట్లలోనూ ఉండదు. వేరియంట్ పేరు ఇన్వాయిస్‌లో చూసుకోండి, నోటి మాట నమ్మొద్దు.

జిప్సీ మీద మోజు ఉంది. తీసుకోమంటారా?

మోజుతో కొంటే కొనండి, పనికోసం అయితే వద్దు.

1985 చివర్లో ఒక లీటర్ ఇంజిన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్, 2000లో దానికే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిన్, 80 హార్స్‌పవర్. కార్బురేటర్ బండ్లను ట్యూన్ చేసే చేతులు ఇప్పుడు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకే 2000 తర్వాతిది అంటున్నాను. మామూలు జనానికి అమ్మడం 2019 నాటికి ఆపేశారు.

బరువు తక్కువ కాబట్టి బురదలో పెద్ద బండ్లు దిగబడినచోట ఇది తేలిపోతుంది. ఏసీ లేని బండ్లే ఎక్కువ, మే నెలలో నల్గొండలో 45 డిగ్రీలు దాటినప్పుడు ఆ సంగతి తెలిసొస్తుంది. కమాన్ కట్టల మీద కుదుపు గట్టిగా ఉంటుంది. పెట్రోల్ బాగా తాగుతుంది. ఇవన్నీ తెలిసి కూడా కావాలనిపిస్తే మీకు నచ్చజెప్పడం నా వల్ల కాదు.

మిలటరీ డిస్పోజల్ జీపు, డబ్వాలీలో తయారు చేయించిన జీపు?

ఆర్మీ వేలంలో కొన్న జిప్సీకి వేలం కాగితాలు, వాటి మీద మన ఆర్టీఏలో కొత్తగా చేసిన రిజిస్ట్రేషన్, రెండూ ఉండాలి. "కాగితాలు తర్వాత చేయించుకోవచ్చు" అన్నవాడి దగ్గర చాయ్ తాగి వచ్చేయండి.

హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులు చూడటానికి సినిమా హీరో బండ్లలా ఉంటాయి. పెద్ద టైర్లు, కొత్త పెయింట్, తక్కువ రేటు. అందులో చాలావాటికి చాసిస్ ఒక బండిది, ఇంజిన్ ఇంకో బండిది, ఆర్‌సీ మూడో బండిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేపు ఏదైనా యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇదే. అలాంటి బండికి ఏ ఏడాది మోడల్ అని అడగడంలో అర్థమే లేదు.

జిమ్నీ, గూర్ఖా సంగతేంటి?

జిమ్నీ 2023 జూన్‌లో వచ్చింది, 1.5 లీటర్ల పెట్రోల్ ఒక్కటే. అన్ని వేరియంట్లలోనూ లో రేంజ్‌తో (నెమ్మదిగా, బలంగా లాగే గేర్లు) కూడిన ఫోర్ బై ఫోర్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. షోరూముల్లో భారీ డిస్కౌంట్లకు పోయిన కాలం ఉంది కాబట్టి మొదటి ఓనర్ నిజంగా ఎంత కట్టాడో ఇన్వాయిస్ అడిగి బేరం చేయండి. సన్నటి బండి, ఊరి సందుల్లోనూ తోట గట్ల మీదా హాయిగా తిరుగుతుంది. వెనక నాలుగు బత్తాయి సంచులు వేసుకుందాం అనుకుంటే చోటు చాలదు.

గూర్ఖాలో ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులు ఉంటాయి, మన చేత్తో వేసుకోవచ్చు. క్వారీ, గుట్టల పనికి ఇదే రాజు. 2021లో వచ్చిన కొత్త తరం 2.6 లీటర్ల డీజిల్ 91 హార్స్‌పవరే, రోడ్డు మీద నిదానం. 2024లో దాన్ని 140కి పెంచారు, ఐదు డోర్లది కూడా వచ్చింది. కొనేముందు మీకు దగ్గర్లో సర్వీస్ ఎక్కడుందో చూసుకోండి, ప్రతి చిన్న పనికీ హైదరాబాద్ పోవాల్సి వస్తే సరదా తీరిపోతుంది.

స్కార్పియో, వీ-క్రాస్, ఫార్చ్యూనర్‌లలో ఫోర్ బై ఫోర్ ఉంటుంది కదా?

ఉంటుంది, కానీ ఈ మూడింటిలోనూ టూ వీల్ డ్రైవ్‌లు కూడా ఉన్నాయి, జాగ్రత్త. స్కార్పియో పాత తరంలో ఫోర్ బై ఫోర్ అరుదు. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్‌లో డీజిల్‌కే ఇచ్చారు. ఇసుజు కంపెనీ పికప్ వీ-క్రాస్ 2016లో మొదలైంది, పక్క రాష్ట్రంలోని శ్రీసిటీలో తయారవుతుంది. సామాను మోసేవాళ్లకు మంచిది, కానీ ఐదు మీటర్లు దాటిన పొడవు, ఊళ్లో మలుపు తిప్పేటప్పుడు చెమటలు పడతాయి. ఫార్చ్యూనర్ 2009లో వచ్చినప్పుడు ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగేది. 2016 చివర్లో వచ్చిన రెండో తరంలో కావాలన్నప్పుడే వేసుకునే పద్ధతికి మారింది. పొలం బాటకు ఫార్చ్యూనర్ కొనేవాళ్లు ఈ పేజీ చదవరనుకుంటాను.

డీజిల్ మేలా, పెట్రోల్ మేలా?

రోజూ కనీసం ఒక వైపు ఇరవై ముప్పై కిలోమీటర్లు హైవే మీద పోయేవాళ్లకు బీఎస్6 డీజిల్ బాగుంటుంది. ఇంటి నుంచి బావి కాడికి రెండు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి, అంతే అయితే డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. అది కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఒకే వేగంలో నడవాలి. పొలం బండిగా వాడి అమ్ముతున్న బీఎస్6 డీజిల్‌ను చూసేటప్పుడు డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్ వెలుగుతోందేమో చూడటంతో సరిపెట్టకండి, స్కానర్ పెట్టించండి. వార్నింగ్‌ను తాత్కాలికంగా చెరిపేయడం పెద్ద పని కాదు.

పెట్రోల్‌లో ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 2023 ఏప్రిల్ తర్వాతి పెట్రోల్ బండ్లు దానికి తగ్గట్టు తయారయ్యాయి. పాత జిప్సీల్లో రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికి పాడవుతాయి. కొన్న వెంటనే ఫ్యూయల్ పైపులు మార్పించుకోవడం మంచిది, ఖర్చు తక్కువే.

తయారీ ఏడాది చూడాలా, రిజిస్ట్రేషన్ ఏడాది చూడాలా?

రెండూ ఆర్‌సీలో ఉంటాయి. బేరం తయారీ ఏడాది మీద చేయండి. 2017 డిసెంబరులో తయారై 2018 మార్చిలో రోడ్డెక్కిన బండిని అమ్మేవాడు 2018 మోడల్ అనే అంటాడు. ఆర్‌సీ గడువు మాత్రం రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క.

ఆర్‌సీ మీద అనుమానం ఉంటే సీట్ బెల్టును పూర్తిగా బయటికి లాగండి, అడుగున కుట్టిన చిన్న లేబుల్ మీద దాని తయారీ తేదీ ఉంటుంది. అద్దాలన్నీ ఒకే కంపెనీవో కాదో చూడండి, ఒక్కటి వేరుగా ఉంటే అటువైపు ఏదో తగిలిందన్నమాట. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 3218 అంటే 2018లో 32వ వారం. 2021 బండి, ఇరవై వేలే తిరిగింది అని చెప్పి, నాలుగు టైర్లూ 2024వి ఉంటే ఆ ఇరవై వేల కథ మళ్లీ చెప్పమనండి.

ఏపీ 22, ఏపీ 24 నంబరు బండ్లు ఇంకా అమ్మకానికి వస్తున్నాయి. కొనొచ్చా?

ఏపీ 22 అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్, ఏపీ 24 అంటే ఉమ్మడి నల్గొండ. 2014 జూన్‌లో టీఎస్ నంబర్లు మొదలయ్యాయి కాబట్టి ఇవన్నీ అంతకుముందు రిజిస్టర్ అయినవే. సొంత బండి ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2011 థార్ చవకగా వస్తోందంటే సగం కారణం ఇదే.

రెన్యువల్ అయిపోయిన బండి అయితే సరే. ఇంకా కావాల్సి ఉంటే ఆ పని అమ్మేవాడితోనే చేయించి కొనండి. ఆ ఏడాది బండ్లకు లోన్ దొరకడం కూడా కష్టం, మొత్తం నగదుగా ఇవ్వాల్సి వస్తుంది.

ఢిల్లీ బండి చాలా తక్కువకు వస్తోంది...

ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టూ సమర్థించింది. అందుకే ఆ బండ్లు దక్షిణాదికి దిగాయి. బండిలో లోపం లేకపోయినా చవగ్గా రావడానికి ఇదీ కారణమే, కాబట్టి ప్రతి ఢిల్లీ బండినీ అనుమానించక్కర్లేదు.

ఖర్చు మాత్రం పూర్తిగా లెక్కేయండి. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ బండి వయసును, అసలు ధరను బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. మక్తల్, గద్వాల వాళ్లకు రాయచూర్ పక్కనే కాబట్టి కర్ణాటక బండ్లు ఎక్కువగా తగులుతాయి, వాటికీ ఇదే తంతు. ట్యాక్స్ ఎంతవుతుందో మీ జిల్లా ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఒక్కోసారి ఆ మొత్తంతో ఇక్కడి నంబరు బండే వచ్చేస్తుంది.

వరదలో మునిగిన బండిని ఎలా పట్టుకోవాలి?

ఇక్కడ ఏడాది కంటే బండి అప్పుడు ఎక్కడుందో ముఖ్యం. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, కోదాడ, విజయవాడ. ఆ నెలల తర్వాత హఠాత్తుగా ఓనర్ మారిన బండి అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి.

కార్పెట్ ఎత్తి సీటు పట్టాల బోల్టులు చూడండి. లోపల ఉండే బోల్టుకు తుప్పు పట్టే అవకాశమే లేదు, పట్టిందంటే నీళ్లు వచ్చాయి. హెడ్‌లైట్ లోపల సన్నటి మట్టి గీత, డ్యాష్‌బోర్డు కింద వైర్ల మీద ఎండిన ఒండ్రు, ఇవి కడిగినా పోవు. ఏసీ వేసి మూడు నిమిషాలు అద్దాలు మూసుకుని కూర్చోండి, ముక్క వాసన వస్తుందేమో చూడండి. ఘాటైన సెంటు కొట్టి ఉంచితే అది కూడా ఒక సమాధానమే.

బండి చూడటానికి పోతే ఏం చూడాలి?

పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీలో బండి ముందు నిలబడగానే వినిపించే మాట ఒకటే: "డాక్టర్ సాబ్ బండి అన్నా, సింగిల్ హ్యాండ్, హైవే మీద తప్ప ఎక్కలే." నవ్వి ఊరుకుని కింద పడుకోండి.

పొద్దున్నే పొండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ బోరుకు (విప్పి బాగుచేయించడానికి) వచ్చినట్టే. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయించి మూతి లోపల వేలు పెట్టండి. తెల్లగా, గరుకుగా సున్నం పట్టినట్టు తగిలితే ఎవరో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. మన వైపు బోరు నీళ్ల సంగతి ఇంట్లో గీజర్ చూసినా తెలుస్తుంది. అలాంటి బండి చలికాలంలో బాగానే నడుస్తుంది, ఏప్రిల్‌లో ఏసీ వేసుకుని గుట్ట ఎక్కితే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతుంది.

కింద చాసిస్ గొట్టాల్లోకి టార్చి వేయండి. గట్టిపడిన రేగడి ఉండలు ఉంటే దాని వెనక ఇనుము ఎలా ఉందో స్పానర్‌తో తట్టి చూడండి, ఖంగుమనాలి. అడుగుభాగానికి కొత్తగా నల్లరంగు వేసి ఉంటే, ఎందుకు వేశారో అడగండి. కమాన్ పట్టీల్లో విరిగినవి, హుక్ వంగి ఉండటం ట్రాలీలు లాగిన గుర్తులు, క్లచ్ ఖర్చు రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది చేయనిది డిఫరెన్షియల్ ఆయిల్ చూడటం. మెకానిక్‌ను తీసుకెళ్లి వెనక, ముందు డిఫరెన్షియల్ ప్లగ్ తీయించి ఒక్క చుక్క వేలి మీద పట్టండి. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. వాగులో ఆపేసిన బండి అది. బేరింగులు, గేర్లు లోపల తినేసి ఉంటాయి, పైకి ఇంకా చప్పుడు రాకపోవచ్చు. అమ్మేవాడు ప్లగ్ తీయనివ్వకపోతే ఇంటికి వచ్చేయండి.

తర్వాత ఏదైనా మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ హై (నాలుగు చక్రాలూ మామూలు గేర్లలో), ఫోర్ లో (లో రేంజ్‌లో) రెండూ వేయండి. ఏళ్ల తరబడి వేయని బండ్లలో రాడ్ కదలదు, కదిలినా పడదు. లో రేంజ్‌లో నెమ్మదిగా ముందుకు, వెనక్కు నడిపి వినండి, టకటక మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, ఆగకుండా గుర్రు మంటే ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి పరీక్షించకండి. ముందు, వెనక ఆక్సిళ్ల మధ్య సర్దుబాటు లేని ఈ బండ్లలో అలా చేస్తే గేర్లు బిగుసుకుంటాయి, బాగున్నది కూడా పాడవుతుంది.

రీడింగ్ తక్కువ ఉంటే మంచిదే కదా?

మీటర్ వెనక్కి తిప్పడం చాలా సులువు. సర్వీస్ హిస్టరీలో ఒక్కో తేదీకి ఎంత రీడింగ్ ఉందో చూసి పోల్చండి. ఫోర్ బై ఫోర్‌కు కిలోమీటర్లు సగం కథే, లో రేంజ్‌లో బురదలో గంట నడిచినా మీటర్‌లో మూడో నాలుగో కిలోమీటర్లే పడతాయి.

రేటు ఎలా తేల్చుకోవాలి?

2025 సెప్టెంబరు 22న కొత్త బండ్ల మీద జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి 1500 సీసీ దాటని డీజిల్ బండ్లు 18 శాతానికి దిగాయి, అంటే 1.5 డీజిల్ థార్, బొలెరో. 2.2 డీజిల్ థార్, జిమ్నీ లాంటివి 40 శాతంలోకి వచ్చాయి, అవి కూడా అంతకుముందు కంటే తక్కువే. అమ్మేవాడు తను కొన్నప్పటి బిల్లు చూపించి "ఇంత పెట్టి కొన్న" అంటే, ఇవాళ షోరూమ్ ధర ఎంతో అడిగి దాని నుంచి కిందికి దిగండి. పెద్ద టైర్లకు, బుల్ బార్‌కు, మ్యూజిక్ సిస్టమ్‌కు అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. బుల్ బార్‌ను 2017 చివర్లోనే కేంద్రం నిషేధించింది, కొన్నాక తీయించే ఖర్చు మీదే.

కొన్నాక నల్లమలలో తిప్పుకోవచ్చా?

లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో సొంత బండితో బాట దిగితే కేసు. మన్ననూరు దగ్గర అటవీశాఖ సఫారీ బండ్లు ఉన్నాయి, వాటిలోనే పోవాలి. శ్రీశైలం రోడ్డు మీద అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు కూడా బంద్. బురద సరదా ఉంటే సొంత చేను ఉంది, స్నేహితుడి చేను ఉంటే అడిగి వెళ్లండి.

కాగితాల పని ఎప్పటిలోగా చేయాలి?

కొన్న 30 రోజుల్లో ఫారం 29, 30తో పేరు మార్పుకు పెట్టుకోవాలి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే లోన్ తీరిందని పెట్టే ఫారం 35, బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ రెండూ చేతిలో పడ్డాకే మిగతా డబ్బు ఇవ్వండి. చలాన్లు తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి, ఉంటే అమ్మేవాడే కట్టాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే మీకు వస్తుంది, మీ బండికి దెబ్బ తగిలితే వచ్చే డబ్బు మాత్రం పేరు మారితేనే. పాత ఓనర్ సంతకాలతో ఖాళీ ఫారాలు జేబులో పెట్టుకుని ఏడాది తిరిగేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆయన ఊరు మారినా, కాలం చేసినా ఆ ఫారాలతో పని జరగదు.